రేడియేటర్లో పసుపు

నా నోరు మంచిది కాదు, ముందే చెప్తున్నాను. మండపేట బైపాసు రోడ్డు మీద రేడియేటర్ల షాపు పెట్టి పదకొండేళ్ళయింది. మా నాన్న దగ్గర నేర్చుకున్న పని. ‘దుర్గక్క పని బంగారం, నోరు మాత్రం బాబోయ్’ అని మిల్లుల దగ్గర డ్రైవర్లు నవ్వుకుంటారట. నవ్వుకోనీ, నాకేం.

కోతల రోజులు. పొద్దున్న పదింటికి జోగేశ్వరరావు గారి ట్రాక్టర్‌ని ఇంకో ట్రాక్టర్‌కి తాడు కట్టి లాక్కొచ్చారు. ఆయనకి బజారులో గోనెసంచుల వ్యాపారం, ధాన్యం తోలడానికి రెండు ట్రాక్టర్లు. వారంలో మూడోసారి ఇంజను ఆవిర్లు కక్కి ఆగిపోయిందట. డ్రైవర్ రాముడు సీటు దిగాడో లేదో, వెనకే బైకు మీద వచ్చిన జోగేశ్వరరావు గారు వాడి చెంప ఛెళ్ళుమనిపించాడు.

“నీళ్ళు చూసుకోకుండా తోలాడమ్మా వెధవ. లేకపోతే రొయ్యల చెరువులో ఉప్పునీళ్ళు పోసుంటాడు. నువ్వు విప్పి చూసి చెప్పు దుర్గా. వీడి తప్పని తేలిందో, చేతులు విరిచేస్తాను. మళ్ళీ జన్మలో స్టీరింగు పట్టుకోడు.”

ఆయన చేతిలో జాకీ రాడ్డుంది. ఊరికే అన్న మాట కాదు. నిరుడు కళ్ళంలో ఒక కూలీకి పళ్ళు రాలగొట్టిన మనిషి.

రాముడిది కాకినాడ అవతల సముద్రం ఒడ్డు. చేపల వేట వదిలేసి డ్రైవింగులోకి వచ్చాడు. ఉప్పునీళ్ళు ఇనుమునేం చేస్తాయో చిన్నప్పటినుంచీ చూసినవాడు. అందుకే సొంత డబ్బులతో మంచినీళ్ళ ప్లాంటులో టిన్ను నీళ్ళు కొని రేడియేటర్ కోసం ట్రాక్టర్లో పెట్టుకుంటాడు. ఆరేళ్ళుగా నా షాపుకి వస్తున్నాడు, వాడి జాగ్రత్త నాకు తెలుసు. తెలిసి కూడా ఆ రోజు నేనేం చేశానో చెప్తాను.

ఇంజను చల్లారేదాకా ఆగి, మూత తీసి, అడుగు గొట్టం వదులు చేశాను. రాముడు కింద బకెట్ పట్టాడు. చిక్కటి పసుపు నీళ్ళు బుడబుడా దిగాయి.

నా ఒళ్ళు మండిపోయింది. రేడియేటర్ కారుతుంటే కొందరు డ్రైవర్లు గుప్పెడు పసుపు పోసేస్తారు. అది చిల్లుకి అడ్డంపడి కారడం ఆగుతుంది, ఓనరుకి తెలీదు. తర్వాత లోపలి సన్నగొట్టాలు పూడుకుపోయి ఇంజను ఉడికిపోతుంది. ఆ పని చూస్తే నాకు పూనకమే.

“నీ చెయ్యి పడిపోనూ! పసుపు పోశావేంట్రా రాముడూ? కారుతోందని నా దగ్గరికొచ్చి ఏడవలేకపోయావా?”

“నేను కాదక్కా! దసరా నాడు...”

మాట పూర్తి కాలేదు. బకెట్ పట్టుకున్న కుడిచేతి మణికట్టు మీద రాడ్డు పడింది. ఎముక విరిగిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. రాముడు కూలబడ్డాడు. రెండో దెబ్బ మోచేతి మీద, మూడోది వీపు మీద. పక్క టైర్ల షాపు శివరామకృష్ణ పరిగెత్తుకొచ్చి జోగేశ్వరరావు గారిని వెనకనుంచి వాటేసుకుని ఈడ్చాడు.

“విన్నారుగా, దుర్గే చెప్పింది!” అని ఆయన ఒకటే రంకెలు.

శివరామకృష్ణ చెక్కముక్క పెట్టి చేతికి తువ్వాలు కట్టాడు. ఆటో వచ్చింది. రాముడు ఎక్కలేదు. పళ్ళు బిగబట్టి గోడకి జారబడి కూర్చున్నాడు.

“రేడియేటర్ పై టాంకీ విప్పండక్కా. అది చూశాకే వెళ్తాను.”

“ముందు ఆసుపత్రికి పద, చచ్చిపోతావు.”

“విప్పండక్కా.”

బోల్టులు తీసి రేడియేటర్ దింపేసరికి అరగంట పట్టింది. బ్లో ల్యాంపు వెలిగించి అతుకు కరిగించాను. ఇత్తడి టాంకీ ఎత్తి చూస్తే ఉబ్బి కుళ్ళిన బియ్యపుగింజలు, మామిడాకు తునకలు, బంతి రేకులు, వాటి మధ్య ఒక రూపాయి బిళ్ళ. లీకు ఆపడానికి ఏ డ్రైవరూ అక్షింతలు వెయ్యడు.

“ఇవేంటండీ?” అన్నాను.

జోగేశ్వరరావు గారి మొహం పాలిపోయింది. “దసరాకి ఆయుధపూజ చేశాం కదమ్మా. కలశం నీళ్ళు ఎవరూ తొక్కకూడదన్నారు పంతులుగారు. బండికి మంచిదని నేనే అందులో...” అని నసిగి, అంతలోనే గొంతు పెంచాడు. “అయినా నాకేం గుర్తుంటుంది? వీడు చెప్పొద్దా?”

“చెప్పబోతేనే కదండీ కొట్టారు! సిగ్గుందాండీ మీకు?”

ఎంత కోపంలోనైనా మా గోదావరి వాళ్ళకి ‘అండి’ పోదు. బకెట్ ఎత్తి ఆ పసుపు నీళ్ళు ఆయన మొహాన కొట్టాను. కింద పడున్న రాడ్డు తీసి తొడ మీద ఒక్కటి వేశాను. బురదలో పడ్డాడు. భుజం మీద ఇంకోటి. నాకు ఆగాలని లేదు, ఒట్టు. తల పగలగొట్టాలనే ఎత్తాను. రాముడు పాక్కుంటూ వచ్చి ఎడంచేత్తో నా కొంగు పట్టుకున్నాడు.

“వద్దక్కా. చాలు.”

ఆసుపత్రిలో ఎక్సరే తీశారు. మణికట్టు మూడు ముక్కలైందన్నారు. ఆపరేషన్ చెయ్యాలి, మళ్ళీ స్టీరింగు పట్టుకునేదీ లేనిదీ ఇప్పుడే చెప్పలేమన్నారు. నేను బెంచీ మీద కూర్చుని జోగేశ్వరరావు గారి ఏడు తరాలనీ తిడుతూనే ఉన్నాను.

“కేసు పెడదాంరా. సాక్ష్యం నేను చెప్తాను. నన్నూ లోపలేస్తే వెయ్యనీ.”

రాముడు గోడకేసి చూస్తున్నాడు. “ఆయన కొట్టడం కొత్తేం కాదక్కా” అన్నాడు. “బండి ఆగిపోయినప్పుడు వేరే షాపుకి లాక్కెళ్దామన్నారాయన. దుర్గక్కకి నా సంగతి తెలుసు, అక్కడికే పోదామని కాళ్ళావేళ్ళా పడింది నేనే.”

ఆ మాటతో పాటు నన్ను నాలుగు తిట్టినా బావుండేది. తిట్టలేదు. వాడి ఎడంచెయ్యి పట్టుకుని, నర్సు వచ్చి లేపేదాకా ఏడ్చాను.