సూమే పోటు

పొద్దున్నే ఈల మోగగానే దౌ రుయిపింగ్ మంచం దిగేది. బాల్కనీలో ఆరేసిన తెల్ల జాకెట్టు ఆరిందో లేదో తడిమి చూసుకునేది. ఆరకపోతే ఆకాశాన్ని నాలుగు తిట్లు తిట్టి, మైదానం చుట్టూ పరుగు అందుకునేది. పరుగయ్యాక కొర్రజావ, ఆవిరి రొట్టె, ఉప్పులో ఊరిన గుడ్డు. ఆ తర్వాత కత్తి. పదకొండేళ్ళప్పుడు ఎవరో స్కూలుకొచ్చి పిల్లల చేతులు కొలిచి, ఈమెవి పొడుగని తీసుకొచ్చేశారు. ఇప్పుడు ఇరవై ఏడు. ప్రావిన్సు ఫెన్సింగ్ జట్టు తప్ప వేరే లోకం ఎరగదు పాపం.

ఆట వచ్చా అంటే భేషుగ్గా వచ్చు. దేశంలో ఫాయిల్ అనే సన్నకత్తి పట్టిన ఆడపిల్లలందర్నీ ఓడించింది, ఒక్క యాన్ సూమేని తప్ప. ప్రతి ఫైనల్లో సూమే ఎదురయ్యేది, ప్రతి ఫైనల్లో ఈమె ఓడిపోయేది. జట్టులో వాళ్ళు ఆమెని "రెండో దౌ" అని పిలిచేవాళ్ళు, మొహం మీదే.

సూమే దక్షిణాది జట్టు మనిషి. ఆమె కత్తి మొన తగిలిన వాళ్ళకి మరిచిపోయినదేదో గుర్తొచ్చేది. ఛాతీకో పొట్టకో తగిలి పాయింటు చూపే రంగు దీపం వెలిగిందా, పూర్తిగా గుర్తొచ్చేది. చేతికో కాలికో తగిలి పాయింటు లేని తెల్లదీపం వెలిగితే సగమే వచ్చి, వచ్చీరాని తుమ్ములా వేధించేది. షాంఘై పిల్ల ఒకతె ఆట మధ్యలో ముసుగు తీసి, చిన్నప్పుడు తాతయ్య కట్టుడుపళ్ళు ఎక్కడ దాచిందో వాళ్ళమ్మకి ఫోన్ చేసి చెప్పొస్తానంటే, రిఫరీ ఆట అయ్యాక చేసుకోమన్నాడు. అంతే. అందులో వింతేముందని? ఒకరికి మణికట్టు బలం, ఒకరికి కాళ్ళ వేగం, సూమేకి ఇది. కాకపోతే అడిగితే వచ్చేది కాదు. ఆమె నిజంగా పొడవాలి, అవతలివాళ్ళు నిజంగా తప్పించుకోవాలి. తాళంచెవి ఎక్కడ పెట్టానో గుర్తుచెయ్యమ్మా అంటూ వంటావిడ పొట్ట చూపించుకుని నిలబడితే, పొట్ట నొప్పి పుట్టింది గానీ చెవి దొరకలేదు.

రుయిపింగ్‌కి నాలుగేళ్ళప్పుడు తల్లి పోయింది. ఆ మరుసటేడు ఏరు పొంగి ఇంట్లోకి నీళ్ళొచ్చి, ఉన్న నాలుగు ఫోటోలూ తెల్లకాగితాలయ్యాయి. ఎలా ఉండేది నాన్నా అంటే, తండ్రి "బాగానే ఉండేది" అని సిగరెట్టు వెలిగించుకునేవాడు. అంతకు మించి ఆయన నోరు పెగలదు.

సూమేతో మొదటిసారి ఆడినప్పుడు పక్కటెముక మీద పోటు పడింది. పడగానే చలికాలం క్యాబేజీ ఊరబెట్టే జాడీ వాసన, ఆ జాడీలోకి వంగిన ఒక వీపు. అది అమ్మ వీపు! రుయిపింగ్ అక్కడే కూలబడిపోయింది. ఆ తర్వాత ప్రతి పోటుకీ ఒక ముక్క. పగిలిన వేళ్ళు. మెట్ల కింద నుంచి సబ్బు తెమ్మని కేక. దుప్పట్లో తన పాదాలకి తగిలే చల్లటి పాదాలు. వీపు వచ్చింది, గొంతు వచ్చింది, ముఖం మాత్రం రాలేదు. ఆ సంగతి సూమేకీ తెలుసు, జట్టుకీ తెలుసు.

"నువ్వక్కడికి గెలవడానికి వెళ్తున్నావా, మీ అమ్మని చూడ్డానికి వెళ్తున్నావా?" అని ఒకరోజు కోచ్ పాంగ్ అడిగేశాడు. లావుపాటి మనిషి, కోపం వస్తే చెవులు ఎర్రబడతాయి.

"గెలవడానికే మాస్టారూ."

"మరి ఆ అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి తలుపు తీసి కూర్చుంటావేం? అందరి మీదా దూకుతావు, ఆమె ముందు కొత్త కోడలిలా నిలబడతావు!"

ఆయన అన్నది అక్షరాలా నిజం.

"ఈ జాతీయ క్రీడల్లో కూడా వెండి తెచ్చావో, నీ చోటు కుర్రపిల్లకి ఇచ్చేస్తారు. పైవాళ్ళు తేల్చి చెప్పారు. నేను కాళ్ళు పట్టుకున్నా వినరు."

కత్తి లేకుండా రుయిపింగ్ ఏం చేస్తుంది? అన్నం తినడం కూడా జట్టు గంట కొడితేనే తెలుసు.

క్రీడలు మొదలయ్యాయి. ఫైనల్ ముందు వార్మప్ హాల్లో సూమే మోకాలికి పట్టీ చుట్టుకుంటూ కనబడింది.

"ఏమే రుయిపింగ్, తిన్నావా?"

"తిన్నానక్కా. మోకాలెలా ఉంది?"

"చచ్చింది. ఇదే ఆఖరు. రేపటి నుంచి కత్తి ముట్టను, డాక్టరు ఒట్టేయించుకున్నాడు." పట్టీ బిగించి తలెత్తింది. "ముఖం వచ్చిందా?"

"ఇంకా లేదు."

సూమే నిట్టూర్చింది. "నాకేం చెయ్యాలో తెలీదమ్మా. నేను నీకు ఆట వదిలెయ్యలేను. వదిలేసినా నీకేమీ రాదు."

"వద్దక్కా. గట్టిగానే ఆడు."

గట్టిగానే ఆడారు. రుయిపింగ్ ఆ రోజు పొడిచిన పోట్లూ తక్కువేం కాదు. తిన్న ప్రతి పోటుకీ ఏదో ఒకటి వస్తూనే ఉంది: నీలం కోటు బొత్తాలు, చెవి పక్క పుట్టుమచ్చ, ఉడికిన బంగాళాదుంపని ఊదే పెదవులు. ముక్కలే తప్ప ముఖం కాలేదు. పద్నాలుగు పద్నాలుగు దగ్గర విరామం గంట కొట్టింది. ఇక ఒక్క పోటు వేసినవాళ్ళదే ఆట.

కోచ్ పాంగ్ నీళ్ళసీసా చేతిలో పెట్టి, "విను. ఆమె మోకాలు అయిపోయింది, తనే ముందుకొస్తుంది. నువ్వు కదలకు. రానీ, అడ్డుకో, తిరిగి పొడిచెయ్. ఒంటి మీద మొన పడనిచ్చావో, చూస్తాను!" అన్నాడు. చెవులు మందారాల్లా ఉన్నాయి.

చెప్పింది సరైన మాటే. అలా చేస్తే బంగారం ఖాయం. కానీ మొన ఒంటి మీద పడకపోతే అమ్మ ముఖం ఇక ఈ జన్మకి లేదు. పడనిస్తే బతుకుతెరువే పోతుంది. రుయిపింగ్ ముసుగు దించుకుంది. ముసుగు వల లోపలి నుంచి సూమేని చూస్తుంటే, ఇన్నేళ్ళూ తను చెయ్యని పని ఒకటుందని తట్టింది. ఫాయిల్‌లో ఇద్దరికీ ఒకేసారి తగిలి రెండు దీపాలూ వెలిగితే, దాడి ముందు ఎవరు మొదలుపెట్టారో పాయింటు వాళ్ళది. సూమే ముందు తను ఎప్పుడూ కాచుకునే నిలబడింది. ఒక్కసారైనా ముందుగా వెళ్ళలేదు. వెళ్తే రెండూ దక్కొచ్చు. రెప్పపాటు ఆలస్యమైతే, సూమే కత్తి అడ్డుపడితే, బంగారం పోతుంది, ముఖం వస్తుందన్న నమ్మకమూ లేదు.

రిఫరీ "మొదలుపెట్టండి" అన్నాడు.

రుయిపింగ్ చెయ్యి చాచి దూకింది. కోచ్ పాంగ్ "ఓరి దేవుడా!" అని తల పట్టుకున్నాడు. సూమే వెనక్కి తగ్గబోయింది, మోకాలు సహకరించలేదు. అడ్డుకునే వ్యవధి లేక, ఉన్న చోటి నుంచే ఉన్న బలమంతా పెట్టి ఎదురు పొడిచింది.

రెండు దీపాలూ వెలిగాయి.

రిఫరీ వీడియో చూడ్డానికి వెళ్ళాడు. హాలంతా లేచి నిలబడి అరుస్తోంది. రుయిపింగ్‌కి అదేమీ వినబడలేదు. ఆమె కళ్ళముందు, కిటికీ పక్కన పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ ఒకావిడ తిరిగి చూసింది. పెద్ద అందగత్తె ఏం కాదు. గుండ్రటి ముఖం, పన్ను మీద పన్ను, పెదవికి అంటుకున్న గింజ పొట్టు. తనని చూడగానే ఆ ముఖమంతా నవ్వయిపోయింది. ఎవరైనా తనని చూసి అంత సంతోషపడగలరని రుయిపింగ్‌కి అప్పటిదాకా తెలీదు.

రిఫరీ వచ్చి రుయిపింగ్ వైపు చెయ్యెత్తాడు. కోచ్ పాంగ్ పరుగెత్తుకొచ్చి తిట్టాలో ముద్దుపెట్టుకోవాలో తెలియక వీపు మీద దబదబా బాదాడు. ఆమె ముసుగు తియ్యకుండా వెక్కివెక్కి ఏడుస్తోంది.

సూమే కుంటుకుంటూ వచ్చి చెయ్యి కలిపింది. ఓడినందుకు ఆమె కళ్ళూ తడిగానే ఉన్నాయి. "వచ్చిందా?"

"వచ్చిందక్కా."

"ఎలా ఉంది?"

"బాగుంది. పళ్ళు నావే."

"అయ్యో, పాపం ఆవిడ!" అంది సూమే. ఇద్దరూ ఏడుస్తూనే నవ్వారు.

ఆ తర్వాత నాలుగేళ్ళు దౌ రుయిపింగ్‌ని దేశంలో ఎవరూ ఓడించలేకపోయారు. మొన దగ్గరికి రాకముందే ఒళ్ళు తప్పించేది. అంత పెద్ద మార్పు ఎలా వచ్చిందని ఒక విలేకరి అడిగితే, "ఇక పొడిపించుకోవాల్సిన పని లేదండీ" అంది.