మేకపిల్లకి అర టికెట్

చిన్నపిల్లల బడిలో ఆవిడ అసలు పేరుతో ఎవరికీ పని పడేది కాదు. ‘ఎన్ని టీచర్’ అంటే చాలు. పిల్లవాడు అరటిపండు ఒలుచుకుంటే "ఎన్ని తిన్నావు?", బంతి దొర్లితే "ఏ రంగు?", ఎవరైనా తుమ్మినా "ఎన్నిసార్లు?" అన్నట్టుండేది ఆవిడ వరస. ఆవిడ చేతిలో పడ్డ పిల్లలకి అంకెలు వచ్చి తీరతాయని తల్లిదండ్రులు చెప్పుకునేవారు. ఆ గర్వం ఆవిడకి కాస్త ఉండేది కూడా.

ఆ బడి టీచర్లకి శిక్షణ ఇవ్వడానికి ఓ అమ్మాయి వచ్చింది. ఎన్ని టీచర్‌కి కూతురి ఈడు ఉంటుంది. వచ్చీ రాగానే టీచర్లందర్నీ పిల్లల కుర్చీల్లో, మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చోబెట్టింది.

"పిల్లలు ఉత్తుత్తి ఆటలు ఆడుతుంటే మనమూ అందులోకి వెళ్లాలండీ. కానీ ఆట వాళ్లది. మనం చుట్టాలం, అంతే."

"చుట్టపుచూపుగా వెళ్తే చదువొస్తుందా అమ్మా?" అంది ఎన్ని టీచర్. అందరూ నవ్వారు.

"వెళ్లి చూడండి మేడమ్," అని ఆ అమ్మాయి కూడా నవ్వింది.

గదిలో ఓ మూల అప్పటికే బస్సు బయల్దేరింది. రెండు వరసల కుర్చీలే బస్సు. ముందు కూర్చుని డబ్బా మూత తిప్పుతున్న ఐదేళ్ల డ్రైవరు పిల్లని బడంతా పిడుగు అంటారు. కాగితం ముక్కలు పట్టుకున్న కండక్టర్ బుంగమూతి. పలక చేతికిస్తే చాలు, వాడి మూతి ముందుకొచ్చేస్తుంది.

ఎన్ని టీచర్ వెనక సీట్లో ఇరుక్కుని కూర్చుంది. "డ్రైవర్ గారూ, బస్సుకి చక్రాలెన్ని?"

"నాలుగు."

"సీట్లెన్ని? అందులో ఎర్రవి ఎన్ని? ఇద్దరు దిగిపోతే ఎంతమంది మిగులుతారు?"

పిడుగు మూత కింద పెట్టేసింది. "బస్సు చెడిపోయింది. అందరూ దిగండి."

పిల్లలు బిలబిలమంటూ దిగి ఇసకలో ఆడుకోవడానికి పోయారు. ఖాళీ కుర్చీల మధ్య ఎన్ని టీచర్ ఒక్కతే మిగిలింది.

శిక్షణకొచ్చిన అమ్మాయి పక్కకొచ్చి కూర్చుంది. "నన్నయితే కొత్తలో ఓ పిల్లాడు ఉత్తుత్తి వంటింట్లోంచి గెంటేశాడు మేడమ్. రేపు మళ్లీ ఎక్కండి. పరీక్షాధికారిలా కాకుండా ప్రయాణికురాలిలా ఎక్కండి."

సాయంత్రం ఇంటికి వెళ్లాక కూడా ఆవిడ ఉక్రోషం తగ్గలేదు. "ఐదేళ్ల పిల్ల నన్ను నడిరోడ్డు మీద దించేసిందండీ!" అని మొగుడితో మొర పెట్టుకుంది. ఆయన చేతిలో పళ్లెం పెట్టి, "మీరు డ్రైవరు, నేను ప్రయాణికురాలిని. ఓసారి చేసి చూద్దాం," అంది.

"నాకు సైకిలే సరిగ్గా రాదే!"

"ఉత్తుత్తిగానే కదా!"

ఆయన బుర్రున శబ్దం చేస్తూ పళ్లెం తిప్పాడు. "మలుపులో అలా కాదండీ, హారన్ కొట్టాలి. ఇంతకీ ఎంత వేగంతో వెళ్తున్నారు?" అంది ఆవిడ.

ఆయన పళ్లెం ఆవిడ చేతిలో పెట్టాడు. "అయితే నువ్వే నడుపుకో."

మంచం మీద కూర్చుని చూస్తున్న అత్తగారు ఒక్కసారిగా కేకేసింది. "ఒరేయ్ అబ్బాయ్, ఆపరా! కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాను. బస్సు వెనక్కి తిప్పు!"

ఆయన మొహం వెలిగిపోయింది. పళ్లెం లాక్కుని, "ఎలా తిప్పనమ్మా, వెనక లారీ ఉంది!" అన్నాడు. "లారీ వాడితో నేను మాట్లాడతాలే," అంది అత్తగారు. తల్లీ కొడుకులు ఆటలో పడి కోడలి సంగతే మర్చిపోయారు.

ఎన్ని టీచర్‌కి అప్పుడు తట్టింది. అత్తగారు బస్సు గురించి ఒక్క ప్రశ్నా అడగలేదు. ఓ చిక్కు తెచ్చి డ్రైవరు ముందు పెట్టింది. మిగతాదంతా ఆయనే అల్లుకున్నాడు.

మర్నాడు ఆవిడ తువ్వాలుని చుట్టి, చెవుల్లా రెండు ముళ్లు వేసి, ఒళ్లో పెట్టుకుని బస్సు దగ్గరికి వెళ్లింది. "డ్రైవర్ గారూ, మా మేకపిల్లకి జ్వరం. పశువుల డాక్టర్ దగ్గరికి వెళ్తారా?"

పిడుగు అనుమానంగా చూసింది. "మళ్లీ ప్రశ్నలడుగుతారా?"

"ఇదొక్కటేనమ్మా."

"సరే, ఎక్కండి. దాన్ని కిటికీ పక్కన పెట్టండి, గాలి తగలాలి."

"మేకకీ టికెట్ కావాలి," అన్నాడు బుంగమూతి.

"చిన్నపిల్ల కదా, అర టికెట్ చాలు," అంది వెనక సీటు పాప.

బుంగమూతి కాగితం చించాడు. ఒక ముక్క పెద్దదైంది, ఒకటి చిన్నదైంది. ‘ఇది సగమా?’ అన్న మాట ఎన్ని టీచర్ నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగబట్టి మింగేసింది. అంతలో వెనక పాపే, "ఇది సగం కాదు, మోసం!" అని పోట్లాటకి దిగింది. వాడు ఆలోచించి, ఇంకో కాగితం తీసి, అంచుకి అంచు కలిపి మడిచి చించాడు. రెండు ముక్కలూ ఒకదాని మీద ఒకటి పెట్టి అందరికీ చూపించాడు.

"మేక అని రాయి. లేకపోతే వేరేవాళ్లు ఎక్కేస్తారు," అంది పిడుగు.

పలకంటే మూతి ముడిచేవాడు గోడమీది అక్షరాల పటం దగ్గరికి పరిగెత్తాడు. మేక బొమ్మ వెతికి, దాని పక్కనున్న ‘మ’ని చూసి చూసి రాశాడు. పైన ఏత్వం ఉండాల్సిన చోట రెండు కొమ్ములు పెట్టాడు. ఎన్ని టీచర్ చెయ్యి దిద్దబోయింది. ఆ చేతిని ఆవిడ తువ్వాలు కిందికి తోసేసింది.

"చాలా సంతోషం కండక్టర్ గారూ," అంది.

ఇంతసేపూ గుమ్మంలో నిలబడి చూస్తున్న శిక్షణ అమ్మాయి ఇక ఆగలేకపోయింది. "చెకింగ్! అందరూ టికెట్లు తీయండి!" అంటూ బస్సెక్కింది. పిల్లలందరూ చేతులు చాపారు. ఎన్ని టీచర్ దర్జాగా మేక టికెట్ చూపించింది.

"ఇది మేకది. మరి మీది?"

ఆవిడ తువ్వాలు కిందా ఒళ్లోనూ వెతుక్కుంది. తనకి టికెట్ తీసుకోనే లేదు. బస్సంతా గొల్లుమంది. పిడుగు వెనక్కి తిరిగి తీర్పు చెప్పేసింది. "మేకకి టికెట్ ఉంది, అది వస్తుంది. మీరు నడిచి రండి."

ఎన్ని టీచర్ పగలబడి నవ్వుతూ బస్సు దిగి, దాని చుట్టూ గిరగిరా పరిగెత్తింది. డాక్టర్ దగ్గరికి చేరేసరికి నిజంగానే ఆయాసం వచ్చింది. పిడుగే డాక్టరై, మేకకంటే ముందు ఆవిడకే సూది పొడిచింది.

ఆ వారమంతా బుంగమూతి బస్సెక్కిన ప్రతి ఒక్కరి పేరూ రాసి టికెట్లు ఇచ్చాడు. శిక్షణ ఆఖరి రోజున పక్క బడుల టీచర్లు చూడ్డానికి వచ్చారు. పిల్లలు వాళ్లని వరసలో నిలబెట్టారు. ముందున్నావిడ ఎక్కీ ఎక్కగానే, "బాబూ, ఈ బస్సు ఏ రంగు?" అని మొదలుపెట్టింది.

ఎన్ని టీచర్ వెనకనుంచి మెల్లిగా ఆవిడ చెయ్యి గిల్లి, చెవిలో అంది: "ఆ మాట అడక్కండి, దించేస్తారు. ముందు ఎక్కడికెళ్లాలో చెప్పండి."