పూస కదిలింది

"ఆ పురుగులకేం తొందర? కాసేపు ఆగుతాయిలే. ముందు ఆ బట్టలు ఆరేసి వెళ్ళు," అంది అత్తగారు.

ఆమె ఆరేసింది. పురుగులు కావత్తయ్యా, బాక్టీరియా అని పెళ్ళయిన కొత్తలో ఓపిగ్గా చెప్పేది, ఇప్పుడు మానేసింది. భర్తకైతే అదో వేళాకోళం. ఇంటికెవరొచ్చినా "మా ఆవిడ సూక్ష్మజీవులకి ఈత నేర్పుతుంది" అని పరిచయం చేస్తాడు. వాళ్ళు నవ్వుతారు. టీ కప్పులు అందిస్తూ తనూ నవ్వుతుంది. నవ్వకపోతే ముఖం మాడ్చుకుందంటారు.

నిజానికి వాటికి ఈత పుట్టుకతోనే వచ్చు. వెలుగు పడితే చురుగ్గా ఈదేలా, మసకబారితే నెమ్మదించేలా వాటిని ప్రయోగశాలలో తయారుచేశారు. ఆ వెలుగును సరిగ్గా అమరిస్తే, అవన్నీ కలిసి కంటికి ఆనని ఓ గాజుపూసను కోరినచోటికి నెట్టాలి. ఎన్నాళ్ళుగానో ఆ పూస ఉన్నచోటే ఊగిసలాడుతోంది. "ఇది వదిలేద్దామా?" అని ఆమె పరిశోధన చూసే ప్రొఫెసర్ కూడా అడిగేశాడు.

ఆ రోజు బస్సులో నిలబడి వస్తుంటే తట్టింది: వెలుగును ఒక్కసారిగా ఆపేయకుండా, పూసకు ఒక పక్కనుంచి మరో పక్కకి మెల్లమెల్లగా తగ్గిస్తే? ప్రయోగశాలకి చేరగానే, చెమటైనా తుడుచుకోకుండా మైక్రోస్కోపు ముందు కూర్చుని అలాగే సర్దింది. పూస వణికింది. కదిలింది. వెలుగును కాస్త ఎడమకు జరిపింది. పూసా ఎడమకే వచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎవరికైనా చెప్పాలని ఫోను తీసింది గానీ, భర్త నంబరు దగ్గర వేలు ఆగిపోయింది. ఏమంటాడో తెలుసు. ఫోను పక్కన పెట్టేసి, పూసను మళ్ళీ కుడికి నడిపించి తనొక్కతే తనివితీరా చూసుకుంది.

ప్రొఫెసర్ వచ్చి, తనే వెలుగును అటూ ఇటూ జరిపి చూశాడు. తర్వాత అన్నాడు, "వచ్చే నెల సదస్సులో దీన్ని మీరే చూపిస్తే బాగుంటుందమ్మా. వారం రోజులు ఉండాలి. ఇంట్లో అడిగి చెప్పండి. కుదరకపోతే పక్క టేబుల్ అతన్ని పంపుదాం."

"నేనే వెళ్తానండీ."

సాయంత్రం ఆ మాట వినగానే భర్త చేతిలోని టీవీ రిమోట్ పక్కన పెట్టాడు. "వారం రోజులా! మరి వంటా, అమ్మ మందులూ?"

"మీరున్నారుగా."

"అయితే వెళ్తానని చెప్పేశావా? నన్ను ఒక్కమాట అడక్కుండానే?"

ఆమె కాసేపు ఆలోచించింది. సంజాయిషీ వెతుక్కోవడానికి కాదు, నిజంగానే ఎందుకు అడగలేదా అని.

"అడగాలని తోచనేలేదండీ," అంది. ఆ మాటకు అతనికంటే ఆమే ఎక్కువ ఆశ్చర్యపోయింది.