రష్యా పోయినప్పటి క్యారేజీ

నానాజీ వంగి బెల్లం దిమ్మలను వరసగా పేరుస్తున్నాడు. వేలంపాట మొదలయ్యేలోగా కొట్టు ముందంతా నింపాలి. దిమ్మ దింపిన ప్రతిసారీ ఎడమ మోకాలు కలుక్కుమంటోంది. చేతుల మీద ఈగలు ముసురుతున్నా తోలే తీరిక లేదు. నలభై నాలుగేళ్లొచ్చాయి, పెళ్లి ఊసెత్తేవాళ్లు కూడా మానేశారు. అమ్మ పోయి పదేళ్లయింది. ఇంట్లో మాట్లాడ్డానికి మిగిలింది మంచం పట్టిన నాన్న త్రినాధరావు ఒక్కడే. ఆయన కూడా పోతే ఎవరితో మాట్లాడాలన్నదే నానాజీ భయం.

త్రినాధరావు కూడా ఈ బెల్లం మార్కెట్లోనే దిమ్మలు మోసే కళాసీ. ఎర్రజెండా మనిషి. రష్యా, చైనాలను ఎన్నడూ చూడకపోయినా మేనమామల ఊళ్లన్నట్టు మాట్లాడేవాడు. నానాజీ ఐదో తరగతిలో ఉండగా, సోవియట్ యూనియన్ ఇక లేదని రేడియోలో చెప్పారు. ఆయన రేడియో కట్టేసి, మూడు రోజులు అమ్మను పొయ్యి వెలిగించనివ్వలేదు.

పొయ్యి వెలగలేదంటే ఎవరో పోయినట్టే. పక్కింటివాళ్లు అన్నం పెట్టాలి. పక్కింటి కాసులమ్మ మూడు గిన్నెల క్యారేజీతో పరుగున వచ్చింది.

"ఎవులు పోయేరు తమ్ముడూ?"

"రష్యా పోనాదప్పా."

అదెక్కడి చుట్టరికమో ఆవిడకు అంతుపట్టలేదు. అయినా మూడు రోజులూ తెచ్చింది. అన్నం, ముద్దపప్పు, చారు. పండక్కి తప్ప పప్పు ఎరగని నానాజీ మూడో రోజు వేళ్లు నాకుతూ అడిగాడు.

"నాన్నా, సైనా ఎప్పుడు పోద్ది?"

మూడు రోజులుగా తల ఎత్తని మనిషి పగలబడి నవ్వాడు. "ఓరి తిండిపోతా!" అని, పొయ్యి వెలిగించమన్నాడు. పప్పన్నం ఇక రాదని నానాజీకి మాత్రం ఏడుపొచ్చింది.

ఇవాళ పాట ముగిశాక, రోజూలాగే నాన్నకు అంబలి పట్టడానికి నానాజీ ఇంటికొచ్చాడు. గ్లాసు అందిస్తే ఆయన తీసుకోలేదు. చెయ్యి చల్లగా ఉంది. గ్లాసు మంచం కింద పెట్టి, మార్కెట్‌కు కబురు చేశాడు.

మార్కెట్ వాళ్లొచ్చి, ఎర్రజెండా కప్పి మోసుకెళ్లారు. సాయంత్రానికి అన్నీ అయిపోయి ఎవరిళ్లకు వాళ్లు వెళ్లారు. పొయ్యి వెలగలేదు. ఇరుపక్కలా కొత్తగా అద్దెకొచ్చినవాళ్లు తలుపులు వేసుకున్నారు. ఎవరైనా వస్తారేమోనని నానాజీ గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాడు.

రెండు వీధుల అవతల కూతురి దగ్గరుంటున్న కాసులమ్మ, ఎనభయ్యేళ్ల మనిషి, గోడ పట్టుకుని వచ్చింది. చేతిలో అదే క్యారేజీ.

"రష్యా పోతేనే తెచ్చేను. మీ నాన్న పోతే తేనేట్రా? తిను నాయినా. రేపూ తెత్తాను."

"సైనా ఇంకా పోనేదు అత్తా," అన్నాడు నానాజీ.

ఆవిడకు అర్థం కాలేదు. నవ్వాల్సిన మనిషి లేడు. ఆవిడ అతని తల నిమిరి వెళ్లిపోయింది.

ఖాళీ మంచం పక్కన కూర్చుని క్యారేజీ విప్పాడు. అప్పట్లాగే, ముగ్గురికి సరిపడా ఉంది.