తాబేలు ఆగే సేపు

ఏడూ అయిదూ కలిపితే డెబ్బై అయిదు అని కొట్టి బాబాయ్ కంప్యూటరు తెర వైపు చూస్తూ కూర్చున్నాడు. కొందరు పిల్లలు రెండంకెల్నీ పక్కపక్కన పెట్టేస్తారు. ఎవరు ఎందుకు తప్పుతారో ఆయనకు తెలిసినంతగా ఆ కంపెనీలో ఇంకెవరికీ తెలియదు. పిల్లల లెక్కల ఆటలు బయటికి వెళ్ళేముందు తప్పు జవాబులిచ్చి చూడడమే ఆయన ఉద్యోగం. అందుకే అందరికీ తప్పుల బాబాయ్ అయ్యాడు.

మూడు సెకన్లకే తెరమీది తాబేలు తల అడ్డంగా ఊపింది. ఎర్ర గుర్తు పడింది. తరవాతి లెక్క వచ్చేసింది.

కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ మూడే.

కుట్టుమిషన్ల కొట్టు పైన రెండు గదుల్లో ఓ లెక్కల టీచరు ఈ కంపెనీ పెట్టినప్పుడు, తప్పు చేసిన పిల్లల కోసం తాబేలు ఎంతసేపు ఆగాలని ఆయన్నే అడిగింది. బాబాయ్ ఇంటికి వెళ్ళి, రెండో తరగతి చదివే కూతుర్ని ఒక లెక్క అడిగి, సెకన్లు లెక్కపెడుతూ వేళ్ళు మడవసాగాడు. నలభై దాటినా పిల్ల పైకప్పు చూస్తూనే ఉంది. చెప్పినప్పుడు మాత్రం సరిగ్గానే చెప్పింది.

"ఇంకో జవాబు చెప్పేదాకా ఆగనివ్వండి మేడమ్. దానికేం తొందర, తాబేలేగా" అన్నాడు మర్నాడు. ఆవిడ నవ్వి అలాగే చేయించింది.

ఆట బళ్ళన్నిటికీ పాకింది. కంపెనీ మూడంతస్తుల మేడలోకి మారింది. టీచరుకి ఓపిక తగ్గి పుస్తకాలవాళ్ళకి అమ్మేసింది. వాళ్ళు బొమ్మలవాళ్ళకి, బొమ్మలవాళ్ళు ఇప్పుడున్నవాళ్ళకి. ప్రతిసారీ గుమ్మం మీద బోర్డూ, మెడలో కార్డు తాడు రంగూ మారాయి. తాబేలు జోలికి ఎవరూ రాలేదు.

లోపాల జాబితాలో 'తాబేలు ఆగడం లేదు' అని రాశాడు. కాసేపటికి మేనేజరు తనే ఆయన బల్ల దగ్గరికి వచ్చింది. ఇప్పుడు ఆయన కూతురికున్న వయసే ఉంటుంది.

"అది లోపం కాదు బాబాయ్. ఆగితే పిల్లలు ఆట మూసేస్తున్నారట. పైనుంచే చెప్పారు."

"అందరూనా?"

"ఎక్కువమంది."

"మిగిలినవాళ్ళు?"

ఆమె ఆయన కంప్యూటరు వైపు వంగింది. సరిచూసినవారి గడిలో ఆయన పేరుకు బదులు తన పేరు కొట్టి వెళ్ళిపోయింది. ఆగని తాబేలును సరే అనే పని ఆయనకు తప్పించింది. అదీ మంచితనమే అనుకున్నాడు. సోమవారం నుంచి తప్పులు కూడా యంత్రమే చేస్తుందట. ఆయనకు ఇవాళ ఆఖరు.

మధ్యాహ్నం కూతురు ఫోను చేసింది. లైబ్రరీలో పుస్తకాలు సర్దుతుంది. అన్నం తిన్నావా అని అడిగితే తిన్నానన్నాడు. సాయంత్రం బస్టాపుకి వస్తావా అమ్మా అన్నాడు. జవాబు వచ్చేదాకా టీ మీద మీగడ కట్టడం చూస్తూ ఉన్నాడు.

"వస్తా నాన్నా," అంది చివరికి. "మబ్బు పట్టింది. గొడుగు తెస్తా."

అయిదింటికి కార్డు మేనేజరు బల్లమీద పెట్టాడు. ఆమె లేచి నిలబడింది. ఆయన తల ఊపి, తన గదికి వచ్చి, మూలనున్న పాత కంప్యూటరు ముందు కూర్చున్నాడు. టీచరు చేయించిన మొదటి ఆట అందులోనే ఉంది. ఏడూ అయిదూ డెబ్బై అయిదు అని కొట్టాడు. లైటార్పి మెట్లు దిగాడు.

గదిలో ఆ తెర ఒక్కటే వెలుగుతోంది. తాబేలు మెడ కాస్త ముందుకు చాచి, ఇంకో జవాబు కోసం కూర్చుని ఉంది.