తప్పు గోడ మీది బాణం

నేను ఒక పింగాణీ పలకని. జానెడు పొడవు, జానెడు వెడల్పు, తెల్లటి ఒంటి మీద నీలం బాణం. స్పెయిన్‌లో కోటగోడల మధ్య ఇరుక్కున్న ఒక పాత ఊళ్ళో, నడిచి చూసేవాళ్ళకి దారి చూపించడం నా ఉద్యోగం. ఊరి పేరు చెప్పను. చెబితే మీరూ వస్తారు.

మట్టిగా ఉన్నప్పుడు నాకే పాపమూ తెలియదు. పిసికి, ఆరబెట్టి, బాణం గీసి, రెండుసార్లు బట్టీలో కాల్చారు. అప్పుడు ఏడ్చాను గానీ, ఆ నిప్పే ఎంత శుభ్రంగా ఉండేదో.

నన్ను గోడకి అతికించింది బెనీతో అనే తాపీమేస్త్రి. నేనుండాల్సింది చర్చి వైపు తిరిగే మూల గోడ మీద. అది జులై నెల, మధ్యాహ్నం రెండు కావస్తోంది. మా ఊళ్ళో రెండింటికి భోజనం, ఆపైన కునుకు. ఆ వేళకి ఏ మేస్త్రి చేతిలోనూ తాపీ నిలవదు. మూల గోడ మీద ఎండ నిప్పులు చెరుగుతోంది. పక్క సందులో మొదటి ఇంటి గోడకి హాయిగా నీడ ఉంది. నీడలో నించుని నన్నక్కడ అంటించి, ఆయన అన్నానికి వెళ్ళిపోయాడు.

ఆ సందుకి అవతల దారి లేదు.

ఇక చూడండి. గుంపులు గుంపులుగా నన్ను నమ్మి లోపలికి వెళ్ళడం, గోడకి ముక్కు తగిలి వెనక్కి రావడం. గొడుగు ఎత్తి పట్టుకుని ముందు నడిచే గైడు, పరువు పోతుందని, ఆ మొండి గోడ ముందే ఆగి, ఇక్కడొక ప్రేమజంటని సమాధి చేశారని కథ అల్లేసింది. జనం కళ్ళు తుడుచుకుని ఫొటోలు తీసుకున్నారు. గోడకి అవతల ఉన్నది కోళ్ళగూడు.

నమిలిన బబుల్‌గమ్ నా అంచుకి అంటించారు. ఐస్‌క్రీమ్ కారే వేళ్ళతో నన్ను నిమిరారు. సందు చివర ఎవరూ చూడరు కదా అని మగమహారాజులు ఆ ప్రేమజంట నెత్తి మీదే పని కానిచ్చేవారు. ఛీ, ముక్కు లేని నాకే ఆ కంపు తెలిసేది.

ఆ మొదటి ఇల్లు రెమెదియోస్ అనే పెద్దావిడది. రోజూ పొద్దున్నే గడప ముందు రాళ్ళు తోమి కడిగేది. ఎండ దిగాక ఆవిడా, భర్త అన్సెల్మో వీధిలో కుర్చీలు వేసుకోవడం నలభై ఏళ్ళ అలవాటు. ఆయనకి ఆయాసం, లోపల గాలాడదు. నేనొచ్చాక ఆ కుర్చీలు ఇంట్లోకి వెళ్ళిపోయాయి. కంపు రాకుండా కిటికీ కూడా మూసుకుని, ఆయన లోపల ఊపిరి ఈడ్చుకుంటూ ఉండేవాడు.

"మా చెల్లెలుండే అపార్ట్‌మెంట్‌కి మారిపోదామా? అక్కడ లిఫ్టుంది," అన్నాడొకరోజు.

"లిఫ్టులో వేసుకుంటావా కుర్చీ?" అంది ఆవిడ.

మర్నాడు మునిసిపాలిటీ ఆఫీసుకి వెళ్ళొచ్చి, గుమ్మంలోనే నించుని మొగుడికి చెప్పింది: "గుమాస్తా ఫైలు తీశాడు. 'సెన్యోరా, మా రికార్డులో పలక మూల గోడ మీదుంది. మీ గోడ మీద ఏమీ లేదు. లేనిదాన్ని ఎలా తీయిస్తాం?' అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"ఆ ముక్కే రాసి, ముద్ర వేసి ఇమ్మన్నాను. ఇచ్చాడు."

ఆ సాయంత్రమే స్టూలెక్కి, ఉలి పెట్టి, వెల్లుల్లి దంచే ఇత్తడి రోకలితో కొట్టడం మొదలెట్టింది. నా మూల ఒకటి విరిగింది, నేను గోడ నుంచి ఊడి ఆవిడ చేతిలోకి వచ్చాను. నాకేం బాధ కలగలేదు. అప్పుడే గైడమ్మ గుంపుతో వచ్చింది.

"ఏమండీ, అది మునిసిపాలిటీ పలక. ఎక్కడికి తీసుకెళ్తున్నారు?"

రెమెదియోస్ నన్ను చంకలో పెట్టుకుని, ముద్ర వేసిన కాగితం ఆమె ముందు చాపింది. "ఏ పలకమ్మా?"

గైడమ్మ రెండుసార్లు చదివింది. తర్వాత గొడుగు చర్చి వైపు తిప్పింది.

గుంపు మలుపు తిరిగాక రెండు కుర్చీలూ బయటికొచ్చాయి. ఎగుడుదిగుడు రాళ్ళ మీద అన్సెల్మో కుర్చీ ఊగుతోంటే, ఆవిడ నన్ను బోర్లా తిప్పి దాని కాలి కింద తోసింది. అప్పట్నుంచీ నా చోటు అదే. నా బాణం రాళ్ళని చూస్తోంది. పైన ఆయన ఆయాసం మెల్లగా సర్దుకుంటోంది. ఊళ్ళో ఇంతమందిని నడిపించాను గానీ, ఒక మనిషిని కదలకుండా కూర్చోబెట్టడం నాకిదే మొదలు.