నలభై ఒక్క బోర్డులు

ఇనపకాళ్ళ బోర్డు నేలలోంచి ఊడి రావాలంటే ముందు దాన్ని అటూ ఇటూ నాలుగుసార్లు ఊపాలి, తర్వాత మోకాళ్ళు వంచి ఒక్క గుంజు గుంజాలి. బడి కమిటీ ఎన్నికల మర్నాడు తన ప్రచారపు బోర్డులు పీకే ఈ పని చేయడం ఆర్విన్ హాగెన్‌కు కొత్తేమీ కాదు. ఆరుసార్లు చేశాడు, ఆరుసార్లూ గెలిచినవాడిగా చేశాడు. ఈ బుధవారం పొద్దున ఓడినవాడిగా చేస్తున్నాడు. ఎవరి కంటా పడకుండా ముగించుకుపోతే బాగుండునని అతనికి ఉంది.

అలా ఎలా కుదురుతుంది? అతను గ్యాసు లారీ డ్రైవరాయె. మా ఊరు నోర్బీ చుట్టూ పొలాల్లో ఉన్న ప్రతి ఇంటి పెరట్లోనూ, ఇంటిని వెచ్చగా ఉంచే గ్యాసుకి ఒక తెల్లటి ట్యాంకు ఉంటుంది. చలి ముదిరేలోగా దాన్ని నింపేది అతనే. డెబ్బై ఒకటి దాటినా నవంబరు వచ్చేసరికి కంపెనీవాళ్ళు పిలుస్తారు, మంచులో దారులన్నీ తెలిసిన మనిషి మరొకడు లేడు గనక. ఇవాళ గ్యాసు పోయాల్సిన ఇళ్ళూ, బోర్డు పీకాల్సిన ఇళ్ళూ చాలామటుకు ఒకటే.

పొడుగు మనిషి, మెడ దగ్గర కాస్త వంగాడు. చెవులు చలికి ఎర్రగా కందిపోయి, నారింజ రంగు ఉన్ని టోపీ కింద నుంచి బయటికి పొడుచుకొస్తాయి. ఎడమ బొటనవేలికి గోరు లేదు, గొట్టం బిగిస్తుండగా ఎప్పుడో పోయింది. లారీలో అతని సీటు పక్కన ఒక అట్టపెట్టె ఉంటుంది. దాన్నిండా బడి గేటు దగ్గర దొరికిన పిల్లల చేతితొడుగులే, ఒక్కోటి ఒక్కో రంగు. సొంతదారు ఎదురుపడితే లారీ ఆపి మరీ ఇచ్చేవాడు. శుక్రవారం బాస్కెట్‌బాల్ ఆటలకు స్కోరు అంకెలు మార్చే మీట నొక్కింది అతనే. అగ్నిమాపక దళంవాళ్ళ అట్ల విందులో పెనం ముందు నిలబడిందీ అతనే. కాలిన అట్టు ఎవరికీ వెయ్యకుండా తనే తినేవాడని చెప్పుకుని నవ్వేవాళ్ళం.

అంతటివాడికి ఊరు వేసిన ఓట్లు ముప్పై ఎనిమిది. అందులో ఒకటి సొంతం.

ఎందుకు ఓడాడో అతనికీ తెలుసు, మాకూ తెలుసు. బడి పై తరగతులు నాలుగింటికీ కలిపి మిగిలిన పిల్లలు ముప్పై ఒక్కమంది. మూడేళ్ళుగా లెక్కల మేష్టారు దొరకలేదు. ఎక్కడో కూర్చున్న మనిషి తెర మీద పాఠం చెబుతుంటే పిల్లలు తలలు బల్లల మీద వాల్చి నిద్రపోయేవారు. పిల్లల్ని పద్దెనిమిది మైళ్ళ అవతల గ్రాంట్‌వుడ్‌కి పంపాలా వద్దా అని కమిటీలో ఓటింగు పెడితే అటు ముగ్గురు, ఇటు ముగ్గురు తేలారు. ఏడో చెయ్యి ఆర్విన్‌ది. ఆ చెయ్యి పైకి లేవడానికి చాలాసేపు పట్టిందంటారు. లేచింది. గ్రాంట్‌వుడ్ అంటే మాకు ఆటలో తాతల నాటి శత్రువు. మా పిల్లలు ఇప్పుడు వాళ్ళ రంగు చొక్కాలు తొడుక్కుని ఆడుతున్నారు. మా బడి హాలు దీపాలు ఆరిపోయాయి. ఈసారి విత్తనాల కొట్టు కుర్రాడొకడు "మన బడి మనకే" అని నిలబడితే రెండొందల పై చిలుకు ఓట్లు అతని మీద కురిశాయి. పోయిన తరగతులు తిరిగి రావని ఆ కుర్రాడికీ తెలుసు.

ఓడినందుకు కాదు ఆర్విన్ బాధ. అతను పాతిన బోర్డులు నలభై ఒకటి. ప్రతి గుమ్మం ఎక్కి, టోపీ తీసి, "ఒక బోర్డు పెట్టుకోనా?" అని అడిగి మరీ పాతాడు. ఒక్కరంటే ఒక్కరు వద్దనలేదు. ఇంటికి రెండు ఓట్లు వేసుకున్నా ఎనభై దాటాలి. వచ్చినవి ముప్పై ఎనిమిది. అంటే సగానికి పైగా జనం అతని బోర్డును గడ్డిలో నిలబెట్టుకుని, బడి హాల్లోకి వెళ్ళి, తెర చాటున అవతలివాడికి గీత గీసి వచ్చారన్నమాట. మా ఊళ్ళో మొహం మీద కాదనడం కంటే పెద్ద తప్పు లేదు. నచ్చని కూర వడ్డిస్తే "వేరేగా ఉందే" అంటాం తప్ప బాగోలేదనం. మా ఇంటి ముందూ ఒక బోర్డు ఉండేది. మేం ఎవరికి వేశామో ఇప్పుడెందుకు లెండి.

ఒక్కరైనా మొహం మీద "నీకు వెయ్యలేదు" అంటే చాలని అనుకున్నాడు ఆర్విన్. అలా అన్నవాళ్ళతోనైతే తను చేసింది తప్పో ఒప్పో కూర్చుని మాట్లాడుకోవచ్చు. నవ్వేవాళ్ళతో ఏం మాట్లాడతాడు?

మొదటి ఇల్లు పందుల పెంపకం చేసే డ్వేన్‌ది. ట్యాంకు నిండినట్టు చూపే ముల్లు ఎనభై మీదకు వచ్చేదాకా డ్వేన్ పక్కనే నిలబడి వాతావరణం గురించి మాట్లాడాడు. చివర్లో బూటు కొసతో గడ్డకట్టిన మట్టి తన్నుతూ, మేమిద్దరం మీకే వేశామండీ, ఎలా జరిగిందో ఏమో అన్నాడు. థాంక్స్ చెప్పి ఆర్విన్ బోర్డు పీకి లారీ వెనక వేశాడు. రెండు ఓట్లు.

తర్వాతి ఇంట్లో నలుగురూ ఆయనకే వేశారట. ఆ తర్వాత ఇంట్లో ముగ్గురు. చర్చి పక్కింటావిడ ఒక్కతే అయినా, ఊళ్ళో లేని తన చెల్లెల్ని కూడా కలిపి ఇద్దరం అంది. అలవాటైన చేతులు గొట్టం విప్పుతూ చుడుతూ ఉంటే, లోపల ఎవరో లెక్కపెడుతూ పోయారు. ఆపుదామన్నా ఆగలేదు. మధ్యాహ్నం లారీలోనే కూర్చుని రొట్టెలో చల్లటి మాంసం పెట్టుకుని తింటుంటే, విత్తనాల కొట్టు కుర్రాడి మేనత్త కారాపి అద్దం దించింది. తన ఓటు మాత్రం ఆర్విన్‌కేనట. దాంతో ముప్పై తొమ్మిదయింది. ఊరు వేసిన ఓట్లు అయిపోయాయి, ఇంకా పద్దెనిమిది ఇళ్ళు మిగిలాయి.  నీళ్ళు తాగి, గడ్డానికంటిన రొట్టె పొడి దులుపుకుని బండి తీశాడు. గుండెల్లో ఏదో బిగబట్టినట్టుంది. చలి గాలి మింగానేమో అనుకున్నాడు.

మూడున్నరకి లవాన్ ట్వెట్ ఇంటికి చేరాడు. అది ఆఖరి ఇల్లు. అప్పటికి లారీలో నలభై బోర్డులున్నాయి.

లవాన్‌కి డెబ్బై ఎనిమిదేళ్ళు. భర్త ఓర్విల్ మా ఆటల మేష్టారు, పోయి తొమ్మిదేళ్ళయింది. బడి హాలుకి ఆయన పేరే. లవాన్, ఆర్విన్ భార్య మార్లిస్ ప్రాణస్నేహితులు. ఆ నలభై ఒక్క బోర్డులూ మొదటిసారి ఈ ఇంటి గ్యారేజీలోనే తయారయ్యాయి. ఆర్విన్ చెక్క కోశాడు, లవాన్ తెల్లరంగు పూసింది, "హాగెన్ - మన బడి కోసం" అని ఆకుపచ్చ అక్షరాలు రాసింది మార్లిస్. నాలుగేళ్ళకోసారి కింద మూల ఏడాది అంకె చెరిపి మళ్ళీ రాసేది. ఆమె పోయాక ఈసారి అంకె ఆర్విన్ రాశాడు. వంకరగా వచ్చింది.

గ్యాసు నింపి, ముందు వాకిట్లోకి వచ్చి బోర్డు పట్టుకు ఊపాడు. కదల్లేదు. మోకాళ్ళు వంచి గుంజాడు. ఎండ తగలని ఆ వాకిట్లో నేల గడ్డకట్టి బోర్డు కాళ్ళని బిగించేసింది. ఇంకోసారి గుంజబోయి, ఊపిరందక బోర్డు మీదే చేతులు ఆన్చి నిలబడిపోయాడు. లవాన్ తలుపు తీసి లోపలికి రమ్మంది.

వంటింటి బల్ల మీద పల్చటి కాఫీ, యాపిల్ ముక్కలు వేసిన కేకు పెట్టింది. కిటికీలోంచి దూరంగా బడి హాలు కప్పు కనిపిస్తోంది.  ఇక్కడా ఆ మాటే వినాల్సి వస్తుందని ఆర్విన్ కేకు వంకే చూస్తూ కూర్చున్నాడు.

"నేను నీకు వెయ్యలేదు, ఆర్విన్" అంది లవాన్.

అతను తలెత్తాడు.

"శుక్రవారం ఆ హాల్లో దీపాలు వెలిగితే ఈ కిటికీలోకి వెలుగొచ్చేది. ఓర్విల్ పోయాక నాకున్న తోడు అదొక్కటే. నువ్వు ఆర్పేశావు" అంది.  "నువ్వు తప్పు చేశావనను. ఆ పిల్లలకి లెక్కలు చెప్పే దిక్కు లేదు, నాకు తెలుసు. తెలిసే వెయ్యలేదు."

 ఆర్విన్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. పొద్దుటి నుంచి బిగబట్టిన మొహం వదులయింది.

"పొద్దుటి నుంచీ యాభై ఏడు మంది నాకే వేశామన్నారు" అన్నాడు. "నిజం చెప్పిందానివి నువ్వొక్కదానివే."

"యాభై ఏడు మందా!" అని లవాన్ ఫక్కున నవ్వింది. అతనూ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ చెయ్యి ఎత్తిన రాత్రి నుంచి తనకు నిద్ర సరిగ్గా పట్టట్లేదని, ఆ దీపాల సంగతి తనకూ తట్టిందని, తట్టినా ఎత్తక తప్పలేదని చెప్పాడు. ఆమె వింది. క్షమించానని అనలేదు, అతనూ అడగలేదు. ఇంకో ముక్క కేకు వేసింది.

లేస్తూ అడిగాడు. "మరి బోర్డు ఎందుకు పెట్టనిచ్చావ్?"

"అది నీ బోర్డా? మార్లిస్ రాసింది. దాన్ని వద్దని ఎలా అంటాను?"

బయటికొచ్చాక గడ్డపార తెస్తానన్నాడు. ఇప్పుడెందుకు, మంచు కరిగాక పీక్కెళ్దువు గాని అంది లవాన్. అతను సరేనని, గోరులేని బొటనవేలితో మార్లిస్ రాసిన అక్షరాల మీద మంచు ధూళి తుడిచాడు. తన వంకర అంకె మాత్రం తుడవలేదు.

ఊరికి రెండు మైళ్ళు ఉందనగా, చక్కెర దుంపల పొలం మలుపులో లారీ రోడ్డు పక్కకు నీటుగా ఆగి ఉంది. ఇంజను ఆపేసి ఉంది, చేతి బ్రేకు వేసి ఉంది. టపా బండి నడిపే ఆవిడ చూసేసరికి అతను పోయి అరగంటయి ఉంటుందన్నారు. గుండె ఆగిందట. మొహం ప్రశాంతంగా ఉందని ఆవిడ చెప్పింది. మా ఊళ్ళో అలాగే చెబుతారనుకోండి, కాని ఈసారి నిజమే అయి ఉండాలి.

అంత్యక్రియలకి చర్చి కింది హాలు పట్టలేదు. హామ్ ముక్కల రొట్టెలు తింటూ, కాఫీ తాగుతూ, ప్రతివాళ్ళూ ఆయనకే వేశామని చెప్పుకున్నాం. ఎవరూ లెక్కపెట్టలేదు. లవాన్ మాత్రం మూల కుర్చీలో కూర్చుని, కప్పు బల్ల మీద పెట్టి, తాను వెయ్యలేదని అంది. 

నలభై బోర్డులూ అతని గ్యారేజీలో గోడకి ఆన్చి ఉన్నాయి. ఏప్రిల్‌లో మంచు కరిగి నేల మెత్తబడింది, వేలితో తోసినా ఇనపకాళ్ళు కదులుతాయి. లవాన్ దాన్ని తియ్యలేదు, ఎవర్నీ తియ్యనివ్వలేదు. ఆమె వాకిట్లో పచ్చగడ్డి మధ్య ఆ ఒక్క బోర్డూ కాస్త పక్కకి ఒరిగి నిలబడే ఉంది, మార్లిస్ రాసిన ఆకుపచ్చ అక్షరాలతోను, కింద మూల ఆర్విన్ రాసిన వంకర అంకెతోను.